దొంగ ఫోన్ అని తెలియక కొంటే: నేరం ఎవరిది, వస్తువు ఎవరిది, డబ్బు ఎవరివ్వాలి?

నెల్లూరులోనో ఒంగోలులోనో పోలీసులు పోయిన సెల్‌ఫోన్లను తిరిగి అప్పగించే కార్యక్రమం పెట్టిన మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. బల్ల నిండా వరసగా పేర్చిన ఫోన్లు, ఎస్పీ చేతుల మీదుగా తన ఫోన్ అందుకుంటున్న యజమాని. ఇక దొరకదనుకున్న వస్తువు చేతికొచ్చిన సంతోషం ఆ ముఖంలో కనిపిస్తుంది. అయితే ఆ బల్ల మీదికి రాకముందు ఆ ఫోన్ ఇంకెవరి జేబులోనో ఉంది. ఆ ఇంకెవరో అన్నిసార్లూ దొంగే కానక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి, బేరమాడి, ఫోన్‌పేలో డబ్బు పంపి కొనుక్కున్న మనిషి కావచ్చు. ఫొటోలో అతను ఉండడు. అతని డబ్బు సంగతి వార్తలోనూ ఉండదు.

ఈ వ్యాసం ఆ మనిషి గురించి. పోలీసుల నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఇలాంటివాళ్లు పడే టెన్షన్‌లో సగం భయం అనవసరమైనది, మిగతా సగం న్యాయమైనదే. ఏ సగం ఏదో విడదీసి చూడాలి.

ఒక్క ఫోన్, మూడు ప్రశ్నలు

ఉదాహరణకు ఇలా ఊహించుకుందాం. చెన్నై నుంచి విజయవాడ వెళ్లే రైల్లో ఒక ఉద్యోగిని ఫోన్ నెల్లూరు దాటాక కనబడలేదు. ఎనిమిది నెలల కిందట దాన్ని ఆమె 32,000 రూపాయలకు కొన్నారు. ఇల్లు చేరి, బిల్లు వెతుక్కుని, ఫిర్యాదు చేసేసరికి మూడో రోజు వచ్చింది. ఈలోగా రెండో రోజే ఆ ఫోన్ ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చింది. ఒంగోలులో డిగ్రీ చదివే కుర్రాడు 17,500కు బేరం కుదుర్చుకుని, సింగరాయకొండ రైల్వే స్టేషన్ బయట అమ్మే మనిషిని కలిసి, డబ్బు పంపి ఫోన్ తీసుకున్నాడు. ఐదో రోజుకల్లా సిగ్నల్ పోయింది. అమ్మినవాడి నంబరు స్విచ్చాఫ్. చేసేదిలేక సిమ్ తీసి పాత ఫోన్లో వేసుకున్నాడు. రెండు వారాల తర్వాత ఆ నంబరుకే పోలీసులు ఫోన్ చేశారు.

"నేను డబ్బులిచ్చి కొన్నాను సార్" అంటాడు కుర్రాడు. ఆ మాట నిజం, దానికి చట్టంలో విలువ కూడా ఉంది. కాకపోతే అది ఒక ప్రశ్నకే జవాబు. ఇక్కడున్నవి మూడు ప్రశ్నలు. అతను నేరం చేశాడా? దీన్ని భారతీయ న్యాయ సంహిత తేలుస్తుంది. ఫోన్ అతనిదేనా? దీనికి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ అనే 1930 నాటి వస్తు విక్రయ చట్టం జవాబు చెబుతుంది. అతని 17,500 ఎవరివ్వాలి? దీనికి కొంత ఆ పాత చట్టంలోనూ, కొంత క్రిమినల్ కేసులు నడిపే విధానాన్ని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ వెతుక్కోవాలి.

గందరగోళమంతా ఈ మూడింటినీ కలిపేయడం వల్లే వస్తుంది. "నేను తప్పు చేయలేదు కాబట్టి ఫోన్ నాదే" అని కొన్నవాళ్లు అనుకుంటారు. "ఫోన్ నీది కాదు కాబట్టి నువ్వూ దొంగవే" అని ఎదుటివాళ్లు అంటారు. రెండూ తప్పే. నిజంగా తెలియక కొన్న మనిషి నేరస్తుడు కాడు, కానీ ఆ వస్తువుకు యజమాని కూడా కాడు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం.

చట్టం దేన్ని దొంగసొత్తు అంటుంది

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత 410, 411 సెక్షన్లలో ఉన్న విషయం ఇప్పుడు 317వ సెక్షన్‌లో ఉంది. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఇప్పటికీ పాత సెక్షన్లే వర్తిస్తాయి.

జేబులోంచి కొట్టేసినదే దొంగసొత్తు అని మనం అనుకుంటాం. చట్టం అర్థం అంతకంటే చాలా విశాలం. దొంగతనం, బెదిరించి గుంజుకోవడం, దోపిడీ ఎలాగూ ఉన్నాయి. వాటితో పాటు, దొరికిన వస్తువును యజమానికి చేర్చే ప్రయత్నం చేయకుండా దురుద్దేశంతో సొంతం చేసుకున్నా అది దొంగసొత్తే. నమ్మి అప్పగించిన వస్తువును అమ్ముకున్నా అంతే. మోసం చేసి తీసుకున్న వస్తువును కూడా కొత్త చట్టం ఈ జాబితాలో చేర్చింది. పాత ఐపీసీ నిర్వచనంలో అది లేదు.

అంటే నెల్లూరు ఆర్టీసీ బస్టాండులో బెంచీ మీద దొరికిన ఫోన్‌ను సిమ్ తీసిపారేసి అమ్మితే, "నేను కొట్టేయలేదు, దొరికింది" అన్న మాట చెల్లదు. బెంగళూరు కంపెనీ ఇంటి నుంచి పనిచేసుకోమని ఇచ్చిన ల్యాప్‌టాప్‌ను ఉద్యోగం మానేశాక కావలిలో అమ్ముకున్నా అదే పరిస్థితి. అమ్మేవాడు చూడ్డానికి చదువుకున్నవాడిలా, మర్యాదస్తుడిలా ఉండవచ్చు. వస్తువు మాత్రం చట్టం దృష్టిలో దొంగసొత్తే.

ఆ వస్తువు హక్కుదారు చేతికి తిరిగి చేరిన క్షణం నుంచి అది దొంగసొత్తు కాదని కూడా అదే సెక్షన్ చెబుతుంది.

"తెలియదు" అన్న మాట ఎంతవరకు నిలుస్తుంది

317(2) ప్రకారం దొంగసొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి తగిన కారణం ఉండి గానీ, దురుద్దేశంతో తీసుకున్నవాడికి లేదా దగ్గర ఉంచుకున్నవాడికి మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మొదటిసారి చేసిన మామూలు దొంగతనానికీ గరిష్ఠ శిక్ష మూడేళ్లే. కొట్టేసినవాడినీ తెలిసి కొన్నవాడినీ చట్టం ఒకే త్రాసులో తూస్తోంది. ఇదే వ్యాపారంగా పెట్టుకున్నవాడి విషయంలో అయితే 317(4) కింద యావజ్జీవం దాకా వెళ్లవచ్చు.

ఈ వాక్యంలో మూడు ముక్కలు విడిగా చూడాలి. ఒకటి "తెలిసి". ఇది తేలిక. రెండోది "నమ్మడానికి తగిన కారణం". అసలు చిక్కంతా ఇక్కడే. నాకు తెలియదు అని నోటితో అంటే చాలదు. ఆ పరిస్థితుల్లో ఉన్న మామూలు మనిషికి ఇది దొంగ వస్తువని అనిపించేదా అని కోర్టు చూస్తుంది. అలాగని చిన్న అనుమానం కూడా నేరమైపోదు. నమ్మేంత బలమైన కారణం ఉండాలి.

మన కుర్రాడి సంగతి చూద్దాం. 32,000 ఫోన్ ఎనిమిది నెలలకు 17,500. సగం ధర చూస్తే అనుమానం రావాలి కదా అని ఒకరు వాదించవచ్చు. సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లో కొత్త మోడల్ రాగానే పాతదాని ధర ఎంత పడిపోతుందో తెలిసినవాళ్లు, ఇది మామూలు ధరే అంటారు. నా దృష్టిలో రెండోవాళ్ల మాటలోనే బలముంది. అదే ఫోన్ 6,000కు వచ్చి, బిల్లూ బాక్సూ చార్జరూ లేక, తెర మీద ఇంకెవరిదో గూగుల్ ఖాతా అడుగుతూ, "ఏదైనా సెల్ షాపులో అన్‌లాక్ చేయించుకో తమ్ముడూ" అని అమ్మినవాడే సలహా ఇచ్చి ఉంటే కథ వేరు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా ఏమీ తేల్చదు. బాక్సు పారేసుకునేవాళ్లు మనలో బోలెడంతమంది. అన్నీ ఒకచోట చేరినప్పుడు మాత్రం తెలియదన్న మాట నిలవడం కష్టం.

దీనికి తోడు సాక్ష్యాల చట్టంలో ఒక విషయం ఉంది. చోరీ జరిగిన కొద్దికాలానికే ఆ వస్తువు ఎవరి దగ్గర కనబడితే, అతను ఎలా వచ్చిందో చెప్పలేకపోతే, అతనే దొంగ అని గానీ, దొంగసొత్తని తెలిసే తీసుకున్నాడని గానీ కోర్టు ఊహించుకోవచ్చు. 1872 చట్టంలో 114వ సెక్షన్ కింద ఇచ్చిన ఈ ఉదాహరణ 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలో 119వ సెక్షన్‌కు మారింది. కోర్టు ఊహించుకోవచ్చని మాత్రమే ఉంది, ఊహించుకుని తీరాలని లేదు. "ఎలా వచ్చిందో చెప్పగలిగితే" ఆ ఊహ నిలవదు.

చోరీ జరిగిన మర్నాడే ఫోన్ కొన్న మన కుర్రాడు సరిగ్గా ఈ పరిధిలోకి వస్తాడు. అతన్ని కాపాడేది అతని మంచితనం గురించి ఊళ్లోవాళ్లు చెప్పే మాట కాదు. ప్రకటన స్క్రీన్‌షాట్, అమ్మినవాడితో చేసిన చాటింగ్, 17,500 వెళ్లిన యూపీఐ లావాదేవీ నంబరు, అమ్మినవాడి ఫోన్ నంబరు కాపాడతాయి. నోట్ల రూపంలో డబ్బిచ్చి, చాటింగ్ చెరిపేసుకున్న మనిషి అంతే అమాయకుడు కావచ్చు. కానీ అది చూపించడానికి అతని చేతిలో ఏమీ మిగలదు.

ఇక మూడో ముక్క "దగ్గర ఉంచుకున్నవాడికి". జనం అస్సలు పట్టించుకోని మాట ఇదేనని నాకనిపిస్తుంది. కొన్న రోజున తెలియకపోవచ్చు. పోలీసుల ఫోన్ వచ్చాక తెలిసింది. ఆ తర్వాత కూడా దాచుకుంటే, కొన్ననాటి అమాయకత్వం ఇక కాపాడదు. "నా డబ్బు పోకూడదు" అని తెలిసి తెలిసి ఇంకొకరికి అమ్మేస్తే ఇంకా లోతుకు పోతాడు. దొంగసొత్తును దాచడానికి, వదిలించుకోవడానికి సాయపడటం 317(5) కింద విడిగా నేరం. తెలియకుండా కొన్న మూడో మనిషిని మోసం చేయడం ఇంకో నేరం. మోసపోయిన మనిషి ఒక్క చర్యతో మోసగాడి స్థానంలోకి జారిపోయేది ఇక్కడే.

డబ్బిచ్చినా వస్తువు ఎందుకు మనది కాదు

వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ సారాంశం చాలా చిన్నది. అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదు. దొంగకు ఆ ఫోన్ మీద హక్కు లేదు కాబట్టి, అతను అమ్మినా హక్కు మారదు. చేతులు నాలుగు మారినా, నాలుగోవాడు ఎంత నిజాయితీగా పూర్తి ధర ఇచ్చినా, హక్కు రైల్లో ఫోన్ పోగొట్టుకున్న ఉద్యోగిని దగ్గరే ఉండిపోతుంది.

ఒరిజినల్ బిల్లు ఉంటే ఫోన్ మనదైనట్టే అన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. బిల్లు చెప్పేది ఫలానా రోజున ఫలానావాళ్లు షాపులో కొన్నారని మాత్రమే. ఆ ఫలానావాళ్లు మనకు అమ్మినవాడేనా, కాకపోతే వాళ్ల దగ్గర్నుంచి అతనికి ఎలా వచ్చింది అన్నది బిల్లులో ఉండదు. బ్యాగుతో సహా ల్యాప్‌టాప్ పోతే బిల్లు కూడా ఆ బ్యాగులోనే ఉండవచ్చు కదా.

ఇది కొన్నవాడికి అన్యాయం కాదా? ఈ ప్రశ్న మీద ప్రపంచంలో ఏకాభిప్రాయం లేదు. ఇటలీలో, వస్తువు తన చేతికి వచ్చే సమయానికి సద్బుద్ధితో ఉన్న కొనుగోలుదారుకు దొంగ వస్తువు మీద కూడా హక్కు దక్కే వీలుంది. ఫ్రాన్స్ మధ్యేమార్గం పట్టింది. పోయిన రోజు నుంచి మూడేళ్లలోపు యజమాని అడగవచ్చు, కానీ కొన్నవాడు దాన్ని సంతలోనో, అలాంటి సరుకు అమ్మే వర్తకుడి దగ్గరో కొని ఉంటే అతనిచ్చిన ధర చెల్లించి తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో కూడా ఒకప్పుడు బహిరంగ అంగడిలో కొన్నవాడికి రక్షణ ఉండేది. దొంగలకే అది మేలు చేస్తోందన్న విమర్శల తర్వాత 1994 చట్టంతో తీసేశారు.

కొన్నవాడి పక్షాన మాట్లాడేవాళ్ల వాదన ఇది. మార్కెట్ నడవాలంటే కొన్న వస్తువు నిలవాలి, ప్రతి సెకండ్‌హ్యాండ్ వస్తువు పుట్టుపూర్వోత్తరాలూ ఎవరు తవ్వగలరు? యజమాని పక్షాన వాదన ఇంకోలా ఉంటుంది. కొనేవాడికి అడిగే, ఆగే, వద్దనుకునే అవకాశం ఉంది. నిద్రలో ఫోన్ పోగొట్టుకున్న మనిషికి ఏ అవకాశమూ లేదు. ఇద్దరు అమాయకుల్లో ఒకరు నష్టపోక తప్పనప్పుడు, మన చట్టం యజమాని వైపు నిలబడింది. ఆ ఎంపికకు కారణం ఉందని నేను ఒప్పుకుంటాను. కొన్నవాడి నష్టాన్ని పూడ్చే దారి సులువుగా లేకపోవడమే నాకు మింగుడుపడనిది. ఆ సంగతి చివర్లో చూద్దాం.

ఒక ముఖ్యమైన మినహాయింపు

నెల్లూరులో ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ తన కెమెరా అమ్మకానికి పెట్టాడనుకుందాం. వచ్చినవాడు 60,000 పంపినట్టు నకిలీ యూపీఐ స్క్రీన్‌షాట్ చూపించి కెమెరా తీసుకుపోయాడు. మరుసటి గంటలోనే దాన్ని కావలిలో ఇంకో ఫొటోగ్రాఫర్‌కు 45,000కు అమ్మాడు. కావలి మనిషి పరిస్థితి మన ఒంగోలు కుర్రాడి లాంటిదేనా?

కాకపోవచ్చు. ఇక్కడ కెమెరాను ఎవరూ కొట్టేయలేదు. మోసపోయినా సరే, యజమాని తానుగా అమ్మి, తన చేత్తో ఇచ్చాడు. ఇలాంటి ఒప్పందాన్ని మోసపోయినవాడు రద్దు చేసుకోవచ్చు. వస్తు విక్రయ చట్టం 29వ సెక్షన్ ప్రకారం, అలా రద్దు చేసుకోకముందే మూడోవాడు సద్బుద్ధితో, లోపం తెలియకుండా కొంటే అతనికి మంచి హక్కు వస్తుంది. డబ్బు రాలేదని యజమాని తెలుసుకుని ఒప్పందాన్ని రద్దు చేసుకునే లోపే కావలి అమ్మకం పూర్తయిందా, తర్వాత జరిగిందా అన్నదాని మీద అంతా ఆధారపడుతుంది. మోసగాడు ఆచూకీ లేకుండా పోయినప్పుడు పోలీసులకు ఫిర్యాదు చేయడమే రద్దు చేసుకోవడం కిందికి వస్తుందన్న వాదన కూడా ఉంది.

చిక్కు ఇంకోటి. ఇందాక చెప్పినట్టు మోసంతో తీసుకున్న వస్తువు కూడా ఇప్పుడు దొంగసొత్తు నిర్వచనంలో ఉంది. క్రిమినల్ చట్టం ఆ కెమెరాను స్వాధీనం చేసుకోమంటుంటే, సివిల్ చట్టం అది కావలి మనిషిదే అనవచ్చు. హక్కున్నవాడి చేతికి చేరితే దొంగసొత్తు కాకుండా పోతుందన్న మాటను ఆసరా చేసుకుని కావలి మనిషి వాదించగలడు. అవతలి ఫొటోగ్రాఫర్ దానికి ఒప్పుకోడు. ఇలాంటి గొడవ స్టేషన్‌లో తేలేది కాదు, కోర్టులో తేలాల్సిందే.

ఈఎంఐ ఫోన్లది ఇంకో తరహా. అప్పుతో కొన్న ఫోన్‌ను వాయిదాలు కట్టకుండా అమ్మినంత మాత్రాన అది దొంగ ఫోన్ అయిపోదు. ఎవరి హక్కు ఎంత అన్నది అప్పు పత్రంలో ఏం రాసుకున్నారో దాన్ని బట్టి ఉంటుంది. కొన్నవాడికి వచ్చే ఇబ్బంది చాలాసార్లు వేరే రూపంలో ఉంటుంది: అప్పిచ్చిన కంపెనీ ఫోన్‌ను దూరం నుంచే లాక్ చేస్తుంది.

ఐఎంఈఐ తనిఖీలో బాగుందని వస్తే సరిపోతుందా

ప్రతి ఫోన్‌కూ ఐఎంఈఐ అనే 15 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు ఉంటాయి. డయల్ ప్యాడ్‌లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే తెర మీదికి వస్తాయి. మొదటి ఎనిమిది అంకెలు ఏ కంపెనీ, ఏ మోడల్ అన్నది చెబుతాయి.

పోయిన ఫోన్ల ఐఎంఈఐలను దేశమంతటికీ ఒకేచోట నమోదు చేసే వ్యవస్థ పేరు సీఈఐఆర్. 2023 మేలో సంచార్ సాథీ పోర్టల్ ద్వారా దేశవ్యాప్తంగా అందరికీ అందుబాటులోకి వచ్చింది. పోగొట్టుకున్నవాళ్లు పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ ప్రతి, ఐఎంఈఐ, గుర్తింపు కార్డు వివరాలు ఇస్తే ఆ ఫోన్‌ను అన్ని నెట్‌వర్కుల్లోనూ బ్లాక్ చేస్తారు. ఆ తర్వాత ఎవరైనా అందులో సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. కుర్రాడి ఫోన్‌కు సిగ్నల్ పోవడమూ, తర్వాత పోలీసులు అతని నంబరుకే ఫోన్ చేయడమూ ఇలా జరిగినవే.

కొనేవాళ్ల కోసం ఇదే పోర్టల్‌లోనూ, సంచార్ సాథీ యాప్‌లోనూ ఐఎంఈఐ కొట్టి చూసుకునే వీలుంది. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపినా జవాబు వస్తుంది. బ్లాక్‌లిస్ట్‌లో ఉందనో, నకిలీదనో, ఇప్పటికే వాడుకలో ఉందనో వస్తే ఆ ఫోన్ కొనవద్దని ప్రభుత్వమే చెబుతోంది. జవాబులో వచ్చిన మోడల్ పేరుకూ చేతిలో ఉన్న ఫోన్‌కూ పొంతన లేకపోతే ఐఎంఈఐ మార్చి ఉండవచ్చని అనుమానించాలి. ఐఎంఈఐని మార్చడం 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లేదా 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మార్చారని తెలిసీ అలాంటి ఫోన్ దగ్గర పెట్టుకోవడాన్నీ ఆ చట్టం నేరంగానే చూస్తుంది.

మరి మన కుర్రాడు కొనే ముందు ఐఎంఈఐ చూసుకుని ఉంటే? బాగానే ఉందని వచ్చేది. అతను కొన్నది రెండో రోజు, ఆమె ఫిర్యాదు చేసింది మూడో రోజు. ఈ తనిఖీ చెప్పేది "ఈ నిమిషానికి దీన్ని ఎవరూ బ్లాక్ చేయించలేదు" అని మాత్రమే. "ఇది అమ్మేవాడి సొంతం" అని ఎప్పుడూ చెప్పదు. ఊరి నుంచి ఊరికి ప్రయాణంలో ఉన్నవాళ్లు, బిల్లు దొరకనివాళ్లు, ఏ స్టేషన్‌కు వెళ్లాలో తెలియనివాళ్లు రోజులు ఆలస్యం చేస్తారు. దొంగ ఫోన్ అమ్ముడుపోయేది ఆ రోజుల్లోనే. అయినా తనిఖీ వృథా కాదు. చూసుకున్నట్టు ఆధారం ఉంటే, "నమ్మడానికి తగిన కారణం నాకు లేదు" అని చెప్పుకోవడానికి అదే బలమైన సాక్ష్యం.

పాత ఫోన్లు కొని అమ్మే వ్యాపారుల విషయంలో ప్రభుత్వం ఒక అడుగు ముందుకేసింది. టెలికాం సైబర్ సెక్యూరిటీ నిబంధనలకు 2025లో చేసిన సవరణ ప్రకారం వాళ్లు ఐఎంఈఐని కేంద్ర డేటాబేస్‌తో సరిచూసుకోవాలి.

ల్యాప్‌టాప్‌లు, కెమెరాలు, ట్యాబ్‌ల సంగతి ఇంకా కష్టం. వాటికి సీరియల్ నంబర్లు ఉంటాయి గానీ, సీఈఐఆర్ లాంటి జాతీయ వ్యవస్థ లేదు. కంపెనీ ల్యాప్‌టాప్‌కు తాళం మరో రూపంలో ఉండవచ్చు: ఫార్మాట్ చేసి ఇంటర్నెట్‌కు కలపగానే కంపెనీ పేరుతో లాగిన్ తెర మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఐఫోన్‌లో పాత యజమాని యాపిల్ ఖాతా తీయకపోతే యాక్టివేషన్ లాక్ అడుగుతుంది. ఆండ్రాయిడ్‌ను దొడ్డిదారిన రీసెట్ చేస్తే పాత గూగుల్ ఖాతా అడుగుతుంది. అమ్మేవాడు మన కళ్లెదుటే తన పాస్‌వర్డ్‌తో ఖాతా తీసి ఇవ్వగలిగాడంటే, అది బిల్లు కంటే మంచి గుర్తు.

పోలీసులు పిలిచాక జరిగేది

దొంగసొత్తని అనుమానమున్న వస్తువును స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్ ఇస్తుంది. ఇవ్వనని మొండికేసే హక్కు కొన్నవాడికి లేదు. తీసుకున్నట్టు రాతపూర్వక ఆధారం అడిగే హక్కు మాత్రం ఉంది. అందులో ఐఎంఈఐ, తేదీ, ఎవరి ఫిర్యాదు మీద తీసుకున్నారో ఉంటే ఆ కాగితం తర్వాత చాలా పని చేస్తుంది.

సాక్షిగా పిలవాలంటే 179వ సెక్షన్ కింద రాతపూర్వకంగా పిలవాలి. ఆ అధికారం తమ స్టేషన్ పరిధిలోనో, పక్క స్టేషన్ పరిధిలోనో ఉన్నవాళ్ల వరకే. మహిళలను ఇంటి దగ్గరే విచారించాలి. అనుమానితుడిగా చూస్తే 35(3) కింద హాజరు నోటీసు ఇస్తారు. నోటీసు వచ్చిందంటే అరెస్టు అని అర్థం కాదు. ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో, పిలిచినప్పుడు హాజరై సహకరించే మనిషిని, కారణం రాయకుండా అరెస్టు చేయడం కుదరదు. పోలీసులమని చెప్పి డబ్బు అడిగే మోసగాళ్ల ఫోన్లు కూడా ఈ రోజుల్లో వస్తున్నాయి కాబట్టి, పిలిచింది నిజంగా పోలీసులేనా అన్నది దగ్గర్లోని స్టేషన్‌లో అడిగితే తెలిసిపోతుంది.

కేసు నమోదై వస్తువు కోర్టుకు చేరితే, 497వ సెక్షన్ ప్రకారం కోర్టు 14 రోజుల్లో దాని వివరాలు రాయించి, ఫొటోలు తీయించి, ఆ తర్వాత 30 రోజుల్లో ఎవరికివ్వాలో ఆదేశించాలి. సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో సుప్రీంకోర్టు 2002లో, స్వాధీనం చేసుకున్న వస్తువులు స్టేషన్లలో ఏళ్ల తరబడి పాడవకూడదని చెప్పిన మాటకు కొత్త చట్టం ఇలా గడువులు పెట్టింది. కొన్నవాడు కూడా తన వాదన అక్కడ చెప్పుకోవచ్చు. మామూలు చోరీ కేసులో ఫోన్ ఎవరి పేరున ఉందో వాళ్లకే వెళ్తుంది.

డబ్బు తిరిగొచ్చే దారులు

నాగరిక్ సురక్షా సంహిత 499వ సెక్షన్ తెలియక కొన్నవాడి కోసమే ఉంది. దొంగకు శిక్ష పడి, అతన్ని అరెస్టు చేసినప్పుడు అతని దగ్గర డబ్బు దొరికి ఉంటే, తెలియక కొన్న మనిషి దరఖాస్తు చేసుకోవచ్చు. వస్తువు యజమానికి చేరాక, ఆ డబ్బులోంచి అతను కట్టిన ధరకు మించకుండా ఇప్పించమని కోర్టు ఆదేశించవచ్చు. అలా ఆదేశించాక ఆరు నెలల్లో ఇవ్వాలి. పాత సీఆర్‌పీసీ 453 ఇదే, ఈ గడువు మాత్రం కొత్తది.

లెక్క వేస్తే దీని పరిమితి కనిపిస్తుంది. కుర్రాడు కట్టింది 17,500. అరెస్టు రోజున దొంగ జేబులో 9,000 దొరికితే, ఈ సెక్షన్ కింద ఎక్కువలో ఎక్కువ వచ్చేది 9,000. ఏమీ దొరక్కపోతే సున్నా. కేసు ముగిసి శిక్ష పడేదాకా ఆగాలి. అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఇంకోటి. పోయిన ఫోన్ల ఫిర్యాదులు చాలాసార్లు చోరీ కేసుగా కాకుండా మిస్సింగ్ ఫిర్యాదుగానే నమోదవుతాయి. ఫోన్ దొరుకుతుంది, యజమానికి చేరుతుంది, ఫైలు మూసుకుపోతుంది. కొన్నవాడి మీద కేసు ఉండదు, అది అతనికి ఊరట. కానీ కేసు లేకపోతే నిందితుడు లేడు, శిక్ష లేదు, 499కి చోటే లేదు. పేపర్లో ఫొటో వచ్చిన రోజున అతని డబ్బు దారి మూసుకుపోతోందని ఎవరూ అతనికి చెప్పరు.

కాబట్టి అతను తన ఫిర్యాదు తాను ఇవ్వాల్సి ఉంటుంది. తనది కాని వస్తువును తనదని చెప్పి అమ్మి డబ్బు తీసుకోవడం న్యాయ సంహిత 318(4) కింద మోసం. ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. కొన్నవాడు ఇక్కడ బాధితుడు. డబ్బు ఆన్‌లైన్‌లో వెళ్లింది కాబట్టి 1930 నంబరుకు గానీ, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ చెప్పవచ్చు. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత. యూపీఐ ఐడీ వెనక ఉన్న బ్యాంకు ఖాతా ఎవరిదో కొన్నవాడు అడిగితే బ్యాంకు చెప్పదు, దర్యాప్తు అధికారి అడిగితే చెబుతుంది.

సివిల్ దారి కూడా ఉంది. ప్రతి అమ్మకంలోనూ "ఇది అమ్మే హక్కు నాకుంది" అన్న షరతు, ఎవరూ పైకి అనకపోయినా, ఉన్నట్టే లెక్క అని వస్తు విక్రయ చట్టం 14వ సెక్షన్ చెబుతుంది. ఆ షరతు తప్పిన అమ్మకందారు ధర తిరిగి ఇవ్వాలి. తనకూ తెలియదని అతను అన్నా ఈ బాధ్యత పోదు. మధ్యలో నలుగురు ఉంటే, ప్రతివాడూ తనకు అమ్మినవాడిని అడగాలి. ఫోన్ పోలీసులు తీసుకున్నట్టు రాసిచ్చిన కాగితం ఈ దావాలో కీలకం. దావాకు మామూలుగా మూడేళ్ల గడువు.

వినియోగదారుల కమిషన్ గురించి చాలామంది అడుగుతారు. ఒంగోలులో పాత ఫోన్లు అమ్మే దుకాణంలో బిల్లుతో కొంటే అక్కడికి వెళ్లవచ్చు. తన సొంత ఫోనని చెప్పి అమ్మిన ప్రైవేటు మనిషి వ్యాపారి కాడు కాబట్టి అతని మీద ఆ దారి సాధారణంగా కుదరదు. ప్రకటన పెట్టుకోనిచ్చిన వెబ్‌సైట్ల వాదన వేరు. తాము మధ్యవర్తులమేనని, ఐటీ చట్టం 79వ సెక్షన్ తమకు రక్షణ ఇస్తుందని అవి అంటాయి. చట్టం కోరిన జాగ్రత్తలు తీసుకున్నంతవరకు ఆ మాట నిలుస్తుంది. దుకాణాలు ఐఎంఈఐ సరిచూడాలన్నప్పుడు, రోజూ వేల ప్రకటనలు మోసే వెబ్‌సైట్లను ఎందుకు వదలాలన్నది విమర్శకుల ప్రశ్న. ప్రతి మామూలు మనిషి అమ్మకాన్నీ తనిఖీ చేయమంటే సెకండ్‌హ్యాండ్ మార్కెట్టే ఆగిపోతుందని అవతలివాళ్ల జవాబు. ప్రకటన పెట్టేటప్పుడే ఐఎంఈఐ అడగడం అంత భారమేమీ కాదని నా అభిప్రాయం.

17,500 కోసం కోర్టు ఖర్చు పెట్టుకోలేనివాళ్లకు నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. దావా వేయకముందే అక్కడ దరఖాస్తు ఇస్తే లోక్ అదాలత్‌కు పంపుతారు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ, దాని మీద అప్పీలు లేదు. అయితే రెండు పక్షాలూ ఒప్పుకోవాలి. అమ్మినవాడు ఎవరో తెలిసి, నోటీసు అందితేనే ఇది పనిచేస్తుంది. సింగరాయకొండ స్టేషన్ బయట కలిసి స్విచ్చాఫ్ అయిపోయిన మనిషి విషయంలో మాత్రం ముందు మోసం ఫిర్యాదు, దాని దర్యాప్తులో బయటపడే పేరు, ఆ తర్వాతే మిగతా ఏ దారైనా.